కీలుగుర్రం కడుపులో ఎవరున్నారు?

2015 డిసెంబరులో అమెరికాలో ఒక హారర్ నవల వచ్చింది. పేరు 'ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్: ది సిల్వర్ ఐస్'. రాసింది స్కాట్ కాథన్, కిరా బ్రీడ్-రిస్లీ. 2017లో 'ది ట్విస్టెడ్ వన్స్', 2018లో 'ది ఫోర్త్ క్లోజెట్' వచ్చి అది మూడు నవలల వరస అయింది. ఆ తర్వాత చిన్న కథల సంపుటాలు, 2023లో సినిమా. వీటన్నిటికీ మూలం 2014 ఆగస్టులో కాథన్ ఒక్కడే తయారుచేసిన కంప్యూటర్ గేమ్. హైదరాబాదులో, వరంగల్‌లో ఇవాళ ఇంటర్ చదువుతున్న పిల్లల్ని ఎవర్నడిగినా ఫ్రెడ్డీ అనే ఎలుగుబంటి గురించి చెబుతారు. నవల చదవకపోయినా యూట్యూబులో ఎవరో ఆడుతుంటే చూసి జడుసుకునుంటారు.

కథ సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. పిల్లల పుట్టినరోజులు జరిపే ఒక పిజ్జా హోటల్. వేదిక మీద ఎలుగుబంటి, కుందేలు, కోడి, నక్క. అన్నీ యంత్రపు బొమ్మలే. పాటలు పాడతాయి, కళ్ళు తిప్పుతాయి, చేతులూపుతాయి. ఒకప్పుడు ఆ హోటల్లో పిల్లలు కొందరు మాయమయ్యారు. చంపినవాడు శవాలను ఆ బొమ్మల లోపలే దాచాడు. హోటల్ మూతపడింది. పదేళ్ళ తర్వాత, ఆ బొమ్మలు చేసిన హెన్రీ కూతురు చార్లీ స్నేహితులతో కలిసి ఊరికి తిరిగొస్తుంది. పాడుబడ్డ హోటల్లోకి వెళ్తే బొమ్మలు లేచి నడుస్తుంటాయి.

ఇందులో అసలు రాక్షసుడు ఎలుగుబంటి కాదు. పసుపుపచ్చ కుందేలు. దాని లోపల ఉన్నది విలియం ఆఫ్టన్ అనే మనిషి, హెన్రీ వ్యాపార భాగస్వామి. ఆ కుందేలు రెండు విధాల పనికొస్తుంది. లోపలి ఇనుప భాగాలను పక్కలకు నొక్కి స్ప్రింగ్ కీళ్ళతో బిగిస్తే మనిషి తొడుక్కునే వేషం. వదిలేస్తే దానంతటది ఆడే బొమ్మ. తొడుక్కున్నప్పుడు కీళ్ళు జారాయో, ఇనుమంతా ఒక్కసారిగా ఒంట్లో దిగబడుతుంది. మొదటి నవల చివర ఆఫ్టన్‌కి పట్టే గతి అదే. రెండో నవలలో వాడు ఆ కుందేలు నుంచి విడివడలేని స్థితిలో, స్ప్రింగ్‌ట్రాప్ అన్న కొత్త పేరుతో తిరిగొస్తాడు. మనిషెక్కడ అయిపోయాడో, జంతువెక్కడ మొదలైందో, ఇనుమెక్కడుందో చెప్పలేం.

ఇది పూర్తిగా అమెరికా సరుకు, పిజ్జా హోటళ్ళలో పుట్టి పెరిగిన పిల్లల పీడకల అనిపిస్తుంది. కాని, జంతువు రూపంలో ఒక యంత్రం, దాని లోపల ఒక మనిషి, ఆ మనిషి మనసులో ఒక కుట్ర అనే కథకు మన దగ్గర రెండువేల ఏళ్ళ పాత చరిత్ర ఉంది. పాతదవడం వల్ల ఆ కథ కొన్ని ప్రశ్నలను ఫ్రెడ్డీ కన్నా సూటిగా అడిగింది.

కీలు అనే మాట

ముందు మాట చూద్దాం. 'కీల' అంటే సంస్కృతంలో మేకు, చీల. దాన్నుంచి మనకు 'కీలు' వచ్చింది. తలుపు తిరిగేది కీలు మీద, మోచెయ్యి మడిచేది కీలు మీద. దేని మీద మొత్తం వ్యవహారం తిరుగుతుందో అది 'కీలకం'. కీలెరిగి వాత పెట్టడం అంటే గుట్టు తెలిసి దెబ్బకొట్టడం. దారంతోనో పుల్లతోనో ఎవరో ఆడిస్తే ఆడేది కీలుబొమ్మ. పేపర్లో రోజూ ఎవరో ఒక నాయకుణ్ణి ఇంకెవరి చేతిలోనో కీలుబొమ్మ అని తిడుతూనే ఉంటారు. అంటే తెలుగులో 'కీలు' అనగానే రెండు సంగతులు ఒకేసారి మనసుకొస్తాయి. ఒకటి కదలిక, రెండోది ఆ కదలిక వెనకున్న చెయ్యి. కీలుబొమ్మ స్వతంత్రంగా చెడ్డదవడం మన భాషలో కుదరదు. దాన్ని తిట్టినా తిట్టు వెనకాలవాడికే తగులుతుంది.

'యంత్రం' ఇంకా తమాషా మాట. పిండిమర యంత్రమే, రాగిరేకు మీద గీతలు గీసి, బీజాక్షరాలు రాసి, తాయెత్తులో పెట్టి మెడలో కట్టేదీ యంత్రమే. ఒకటి కరెంటుతో నడుస్తుంది, రెండోది నమ్మకంతో. రెండిటికీ ఒకే పేరు పెట్టుకున్న భాషలో, యంత్రం లోపల ఏదో ఉందేమో అన్న అనుమానం పూర్తిగా పోవడం కష్టం.

ఉదయనుడి ఏనుగు

యంత్రపు జంతువుల్లో మనకు తెలిసిన పెద్ద విలన్ ఏనుగు. వత్సదేశపు రాజు ఉదయనుడికి ఏనుగులంటే పిచ్చి. వీణ వాయించి అడవి ఏనుగుల్ని లొంగదీసే విద్య అతనికి తెలుసు. ఉజ్జయిని రాజు ప్రద్యోతుడు ఆ బలహీనత మీదే వల పన్నాడు. చెక్కతో ఏనుగును చేయించి, రంగులు పూయించి, లోపల సైనికుల్ని కూర్చోబెట్టి సరిహద్దు అడవిలో వదిలాడు. అపురూపమైన ఏనుగు కనబడిందని వేగులు చెప్పగానే ఉదయనుడు వీణ పట్టుకుని బయల్దేరాడు, దొరికిపోయాడు.

ఈ కథ భాసుడి 'ప్రతిజ్ఞాయౌగంధరాయణం'లో ఉంది, సోమదేవుడి 'కథాసరిత్సాగరం'లో ఉంది, పాళీలో ధమ్మపదానికి రాసిన వ్యాఖ్యానంలో ఉంది. ఆ పాళీ కథలోని వివరం చూడండి. ఏనుగు కడుపులో అరవైమంది మనుషులు. వాళ్ళు అటూ ఇటూ నడుస్తూ ఏనుగును కదిలిస్తారు. చూసేవాళ్ళకు అనుమానం రాకుండా మధ్యమధ్యలో పారలతో ఏనుగు పేడ కిందికి పోస్తుంటారు! ఇవాళ్టి స్పెషల్ ఎఫెక్ట్స్ వాళ్ళు కూడా ముందు ఆలోచించేది అదే. బొమ్మ నిజమనిపించాలంటే దంతాలు, తొండం చాలవు. ప్రాణమున్నవాటికి ఉండే అశుభ్రమూ ఉండాలి.

ఇక్కడ భయపెట్టేది చెక్క ఏనుగు కాదు. ఉదయనుడి ప్రేమను ఎవడో అంత బాగా చదవడం. ఏనుగును చూస్తే ఆగలేడని తెలిసినవాడే ఆ ఏనుగును తయారుచేయించాడు. ఆఫ్టన్ కుందేలు వేషం వేసుకోవడానికి కారణమూ అదే. పిల్లలు ఆ కుందేలును నమ్ముతారని, పిలిస్తే వెనకే వస్తారని వాడికి తెలుసు. యంత్రపు జంతువు మనం దేన్ని ప్రేమిస్తామో ఆ రూపంలోనే వస్తుంది. తోడేలు రూపంలో వస్తే ఎవరు దగ్గరికి పోతారు?

ఈ కథకు ఇంకో అందమైన కొస ఉంది. చెరలో ఉన్న ఉదయనుడు ప్రద్యోతుడి కూతురు వాసవదత్తకు వీణ నేర్పి, ఆమెతో కలిసి పారిపోతాడు. దేని మీద? భద్రవతి అనే నిజమైన ఆడ ఏనుగు మీద. చెక్క ఏనుగు పట్టించిన మనిషిని ప్రాణమున్న ఏనుగు గట్టెక్కించింది.

గరుడుడు దిగొచ్చినరోజు

పంచతంత్రం కొన్ని పాఠాల్లో ఒక సాలెవాడి కథ ఉంది. అతను రాకుమారిని చూసి మనసు పడ్డాడు. స్నేహితుడైన వడ్రంగి అతనికోసం చెక్కతో గరుడ వాహనం చేసిపెట్టాడు. కీలు తిప్పితే ఎగురుతుంది, తీస్తే దిగుతుంది. సాలెవాడు విష్ణువు వేషం వేసుకుని, గరుడుడి మీద రోజూ రాత్రి రాజసౌధానికి వెళ్ళొస్తున్నాడు. అల్లుడు సాక్షాత్తూ విష్ణువే అనుకుని రాజు ధైర్యం పెరిగి పక్క రాజ్యాలతో తగువు పెట్టుకున్నాడు. వాళ్ళంతా కలిసి మీదికొచ్చారు. ఇక సాలెవాడు యుద్ధానికి వెళ్ళక తప్పలేదు. చావుకు సిద్ధపడి చెక్క గరుడుడి మీద బయల్దేరాడు.

అప్పుడు వైకుంఠంలో కంగారు పుట్టింది. వీడు చస్తే విష్ణువే చచ్చాడని లోకం అనుకుంటుంది, రేపట్నుంచి పూజలు చేసేవాడు ఉండడు. చేసేదేంలేక విష్ణువు సాలెవాడి ఒంట్లోకి దిగాడు, గరుడుడు చెక్క గరుడుడిలోకి దిగాడు. యుద్ధం గెలిచారు.

ఫ్రెడ్డీ నవలల్లో చచ్చిపోయిన పిల్లల ఆత్మలు బొమ్మల్లోకి చేరతాయి. ఇక్కడ దేవుడే చేరాడు. దిశ వేరు గాని సూత్రం ఒకటే. ఖాళీగా ఉన్న రూపం ఖాళీగా ఉండదు, ఏదో ఒకటి వచ్చి చేరుతుంది. మన గుళ్ళలో విగ్రహానికి ప్రాణప్రతిష్ఠ చేసి, చివర్న కళ్ళు తెరిపించడం వెనకున్న ఊహ కూడా ఇదే. రాయిలోకి ఎవరు రావాలో, ఎప్పుడు రావాలో, ఎవరు పిలవాలో పద్ధతి పెట్టుకున్నారు. పద్ధతి లేకుండా పిలిస్తే ఎవరొస్తారో చెప్పలేం. ఆ భయం మీదే మన హారర్ నవల బతికింది. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' తులసి అనే చిన్నపిల్ల మీద ప్రయోగించిన కాష్మోరా కథ. దానికి కొనసాగింపు 'తులసి'. ఒక తరం తెలుగు పాఠకులు రాత్రిపూట ఆ నవల చదివి దీపం ఆర్పడానికి భయపడ్డారు. అందులోనూ బలి కావాల్సింది పిల్లే, ప్రయోగం చేయించేది పెద్దవాళ్ళ ఆస్తి దురాశే. రాగిరేకు యంత్రం వైపునుంచి యండమూరి వచ్చిన చోటికి, పళ్ళచక్రాల యంత్రం వైపునుంచి కాథన్ వచ్చాడు.

స్ప్రింగ్‌ట్రాప్ చావుకు కూడా పంచతంత్రంలో ముందుమాట ఉంది. మిత్రభేదంలో వచ్చే మొట్టమొదటి చిన్న కథ అది. గుడి కడుతున్నచోట వడ్రంగులు సగం చీల్చిన దుంగలో చీల బిగించి మధ్యాహ్నం భోజనానికి వెళ్ళారు. కోతి ఒకటి ఆ చీలిక మీద కూర్చుని, ఊరుకోక చీలను ఊడబీకింది. రెండు చెక్కలూ టక్కున మూసుకున్నాయి. పిల్లల పుస్తకాల్లో తోక ఇరుక్కుందని రాస్తారు. మూలంలో ఇరుక్కున్నది తోక కాదు, కోతి బతకలేదు. దానికి సంస్కృతంలో పెట్టిన పేరు 'కీలోత్పాటి వానరం', అంటే కీలు పెరికిన కోతి. తనది కాని పనిలో వేలుపెట్టినవాడి గతి అని దమనకుడికి కరటకుడు చెప్పే నీతి. జంతువు, నొక్కిపెట్టిన చెక్క, జారిన కీలు, నలిగిన ఒళ్ళు. ఆఫ్టన్ చావులో ఇంతకంటే కొత్తగా ఏమీ లేదు. కొత్తదనమల్లా అక్కడ కోతి స్థానంలో మనిషి, దుంగ స్థానంలో కుందేలు ఉండడమే.

పులి కూత

పుస్తకాల్లోంచి బయటికొచ్చి, చేత్తో ముట్టుకోగల యంత్రపు జంతువు కావాలంటే టిప్పు సుల్తాన్ పులి ఉంది. చెక్కతో చేసి రంగులేసిన పులి ఒక యూరోపియన్ మీద పడి గొంతు పట్టుకుని ఉంటుంది. పక్కనున్న పిడి తిప్పితే మనిషి చెయ్యి పైకీ కిందికీ ఊగుతుంది, అతని గొంతులోంచి ఏడుపు వస్తుంది, పులి గుర్రుమంటుంది. పులి పొట్ట పక్కన తలుపు తెరిస్తే లోపల చిన్న ఆర్గన్ వాయిద్యం. 1792 డిసెంబరులో బెంగాల్లోని సాగర్ ద్వీపంలో, హైదరాలీతో యుద్ధాల్లో పాల్గొన్న జనరల్ హెక్టర్ మన్రో కొడుకును పులి చంపింది. ఈ బొమ్మకు ప్రేరణ ఆ సంఘటనేనని చాలామంది చరిత్రకారులు అంటారు.

1799 మే 4న శ్రీరంగపట్నం కూలింది. ఆ ముట్టడిలో కంపెనీ సేనలతోబాటు హైదరాబాదు నిజాం సేనలూ ఉన్నాయి. పులి లండన్ చేరింది. 1808 నుంచి ఈస్టిండియా కంపెనీ భవనంలో ప్రదర్శనకు పెట్టారు. ఎవరు పడితే వాళ్ళు పిడి తిప్పేవాళ్ళు. తర్వాత్తర్వాత ఆ అరుపులు, గుర్రుమనే చప్పుళ్ళు పక్కనే గ్రంథాలయంలో చదువుకునేవాళ్ళ ప్రాణం తీశాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పైకప్పు కూలి ముక్కలైతే మళ్ళీ అతికించారు. ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

టిప్పు చేతిలో పిడి ఉన్నంతకాలం ఆ పులి అతని కోపానికి గొంతు. లండన్ చేరాక అదే పులి టిప్పు క్రూరత్వానికి సాక్ష్యం. చెక్క అదే, కూత అదే, పిడి తిప్పే చెయ్యి మారింది. ఈలోగా టిప్పు రాజ్యంలోంచి నిజాంకు వాటాగా వచ్చిన సీమ ప్రాంతాలు 1800లో కంపెనీకి దత్తమయ్యాయి. మనం రాయలసీమ అంటున్న ప్రాంతం దత్తమండలమైంది అలాగే. బొమ్మ చేతులు మారడానికీ, నేల చేతులు మారడానికీ మధ్య ఒక్క ఏడాదే తేడా.

డోర్నకల్‌లో ఇనుప జంతువు

ఇప్పటిదాకా చెప్పుకున్నవి రాజుల ఆటబొమ్మలు. మామూలు జనం మధ్యకి కడుపులో నిప్పుతో, ముక్కులోంచి పొగతో నడిచే యంత్రం వచ్చింది రైలు రూపంలో. నిజాం రాజ్యంలో ఆ కథ చెప్పుకోవాలంటే డోర్నకల్ దగ్గర ఆగాలి.

1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఎల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని గుర్తించాడు. 1880ల చివరికి నిజాం రైలు వరంగల్ దాటి డోర్నకల్ మీదుగా బెజవాడ వైపు సాగింది. డోర్నకల్ నుంచి ఒక పాయ ఎల్లందు బొగ్గు గనులకు చీలింది. డోర్నకల్ జంక్షన్ అయింది ఆ బొగ్గు వల్లే. జనం దాన్ని పొగబండి అన్నారు. దాని తిండి గనుల్లోంచి వస్తుంది, గనుల్లోకి దిగేది మనుషులు. ఆ తిండి మోయడానికి దానికే పట్టాలు వేశారు. తిండికోసం తనే బయల్దేరి వెళ్ళే జంతువది.

ఆ రోజుల్లోనే దేశంలో చాలాచోట్ల ఒక పుకారు తిరిగేది. వంతెన నిలబడాలంటే పునాదిలో మనిషి తల వెయ్యాలట, అందుకోసం సర్కారు మనుషులు పిల్లల్ని ఎత్తుకుపోతున్నారట. కలకత్తాలో హుగ్లీ మీద వంతెన కడుతున్నప్పుడు ఇలాంటి వదంతి లేచిందని ఆ కాలపు ఇంగ్లీషు రచయితలు రాసిపెట్టారు. మన వైపు కూడా ఆనకట్ట కడుతున్నారనో, వంతెన కడుతున్నారనో చెప్పి, సందె వేళ బయట తిరిగితే పట్టుకుపోతారని పిల్లల్ని బెదిరించిన పెద్దలు ఉండేవాళ్ళు.

ఇంగ్లీషువాళ్ళు దీన్ని మూఢనమ్మకం కింద కొట్టేశారు. అక్షరాలా చూస్తే అబద్ధమే. ఏ వంతెన కిందా పిల్లల తలలు లేవు. కాని ఆ పుకారును ఇంకోలా వినొచ్చు. ఇంత పెద్ద వస్తువు ఊరికే నిలబడదు, ఎవరో ఒకరి ప్రాణం దీంట్లోకి పోయుంటుంది, ఆ ఎవరో ఒకరు పెద్దవాళ్ళ పిల్లలు కారు అన్నది అందులోని లెక్క. మట్టి కూలి పడ్డప్పుడు, గని పైకప్పు విరిగినప్పుడు, కలరా సోకిన కూలీల గుడిసెల్లో ఆ లెక్క నిజమే అయింది. యంత్రం లోపల పిల్లల శవాలు దాచారన్న ఫ్రెడ్డీ కథను అమెరికన్ పిల్లలు రాత్రిపూట చదివి భయపడతారు. నూటయాభై ఏళ్ళ కిందట మన ఊళ్ళలో దాన్ని కథ అనలేదు, వార్త అన్నారు.

రాణి ఎవరు, గుర్రం ఎవరు

1949లో మీర్జాపురం రాజా శోభనాచల పతాకం మీద 'కీలుగుర్రం' తీశారు. అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి. సంగీతం ఘంటసాల. తమిళంలోకి 'మాయక్కుదిరై'గా డబ్ అయింది. ఇప్పుడు చూస్తే ట్రిక్ షాట్లు అమాయకంగా ఉంటాయి, ఆకాశంలో పోయే గుర్రం కింద మేఘాలు ఎంత తెరో కనబడుతుంది. అయినా ఆ సినిమా మన ఫ్రెడ్డీకి ముందే ఇచ్చిన జవాబు లాంటిది.

రాజు అడవిలో అందగత్తెను చూసి మోహించి అంతఃపురానికి తెచ్చుకుంటాడు. ఆమె రాక్షసి. రాత్రుళ్ళు గుర్రాలనూ ఏనుగులనూ తిని, నేరం పట్టపురాణి మీదికి నెడుతుంది. రాజు నమ్ముతాడు. గర్భవతి అయిన రాణిని చంపించడానికి అడవికి పంపుతాడు. అడవిలో పుట్టి పెరిగిన ఆమె కొడుకు చివరికి గుట్టు బయటపెడతాడు. ఆ పనిలో అతనికి తోడు నిలిచేది కీలు తిప్పితే ఎగిరే గుర్రం.

ఫ్రెడ్డీలో జంతువు తోలు కింద మనిషి రాక్షసుడు. ఇక్కడ మనిషి తోలు కింద రాక్షసి, ఆమె తినేది నోరులేని జంతువుల్ని. యంత్రమేమో మంచివాడి చేతిలో మంచిగా ఉంది. అంతఃపురంలో అందరూ చూస్తున్నా ఎవరికీ కనబడని రాక్షసి ఒకత్తె ఉండగా, పాపం ఆ కొయ్యగుర్రానికి భయపడేదెవరు? ఒక్క చిక్కు మాత్రం ఉంది. అందమైన పరాయి ఆడది రాక్షసిగా తేలడం మన జానపద సినిమాకు మరీ సులువైన అలవాటు. మోసపోయానన్న రాజును, విచారణ లేకుండా భార్యను చంపమన్న రాజును, కథ చివర్లో క్షమించేసి సింహాసనం మీద కూర్చోబెడతారు. నేరం చేసింది రాక్షసి, ఉత్తర్వు ఇచ్చింది రాజు. ఈ తేడాను ఆ సినిమా పట్టించుకోదు.

కాథన్ నవలలూ ఇక్కడే తడబడతాయి. అసలు ఈ బొమ్మలు హోటళ్ళలోకి ఎందుకొచ్చాయి? 1977లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో అటారీ కంపెనీ పెట్టిన నోలన్ బుష్నెల్ ఇలాంటి మొదటి పిజ్జా హోటల్ తెరిచాడు. చక్ ఇ. చీజ్ అనే ఎలుక అక్కడి కథానాయకుడు. పిజ్జా ఉడికేదాకా పిల్లల్ని బొమ్మలు కూర్చోబెడతాయి, పిల్లలు పక్కనున్న గేమ్ మెషిన్లలో నాణేలు వేస్తారు. లెక్క అంతే. గిట్టుబాటు కానిచోట బొమ్మలు మూలపడ్డాయి, ఒక కన్ను తెరుచుకుని ఒక కన్ను మూసుకుని తుప్పుపట్టాయి. ఆ తరం పిల్లల భయం అక్కడ పుట్టింది. నవలల్లో ఆ కంపెనీ పిల్లలు మాయమైన సంగతిని కప్పిపెడుతుంది, మళ్ళీ తలుపులు తెరవాలని చూస్తుంది. ఇది బాగా గమనించిన సంగతే. కాని కథ ముందుకు పోయేకొద్దీ నేరమంతా ఆఫ్టన్ ఒక్కడి పిచ్చిలోకి కుదించుకుపోతుంది. మూసేసిన తలుపుల మీద సంతకం పెట్టినవాళ్ళు ఎవరూ పేజీల్లో కనబడరు. రాక్షసుడొకడు దొరికితే మిగతావాళ్ళు బతికిపోతారు.

ఇది ఇవాళ మనకు దూరపు సంగతి కాదు. రేషన్ కార్డు ఎందుకు పోయిందంటే సిస్టమ్ తీసేసిందంటారు. వేలిముద్ర పడలేదంటే మెషిన్ ఒప్పుకోలేదంటారు. మన పూర్వులకు చెక్క ఏనుగును చూడగానే లోపల ఎంతమంది ఉన్నారని అడగాలని తెలుసు. మనం ఏనుగుతోనే పోట్లాడి ఇంటికొస్తున్నాం.

పదకొండో శతాబ్దంలో భోజుడి పేరు మీద వచ్చిన 'సమరాంగణసూత్రధారం'లో యంత్రాల మీద ఒక అధ్యాయమే ఉంది. ఎగిరే చెక్క పక్షులు, కాపలా కాసే బొమ్మలు, నీళ్ళు తాగే ఏనుగు. వీటిని ఎలా చెయ్యాలో పూర్తిగా ఎందుకు చెప్పలేదంటే, తెలియక కాదు, గుట్టు కోసం అంటాడు గ్రంథకర్త. వెయ్యేళ్ళ తర్వాత కంపెనీలు చెప్పే మాటా ఇదే. కీలు ఎక్కడుందో తెలిసినవాడికే పెత్తనం.

యంత్రపు ఏనుగు మళ్ళీ వచ్చింది. 2023 ఫిబ్రవరిలో కేరళ త్రిశూర్ జిల్లాలోని ఇరింజాడప్పిళ్ళి శ్రీకృష్ణ ఆలయంలో, ఊరేగింపులకు ప్రాణమున్న ఏనుగు బదులు యంత్రపు ఏనుగును పెట్టారు. పెటా ఇచ్చిన కానుక అది. ఇనుప చట్రం, రబ్బరు తోలు, 800 కిలోల బరువు. తల ఊపుతుంది, చెవులాడిస్తుంది, తొండంతో నీళ్ళు చల్లుతుంది. దాని కాళ్ళకు గొలుసులు అక్కర్లేదు, దానికి మదమెక్కదు, మావటివాణ్ణి తొక్కదు. భద్రవతి ఉదయనుణ్ణి మోసింది. ఇప్పుడు చెక్క ఏనుగు వంతు, భద్రవతి సంతానం బరువు అది దించుతోంది. దాని కడుపులో ఈసారి అరవైమంది సైనికులు లేరు, అయిదు మోటార్లున్నాయో ఆరున్నాయో, వాటి స్విచ్ ఒకరి చేతిలో ఉంటుంది. ఆ ఒక్కరూ జనం కళ్ళముందే నిలబడి ఉంటారు. అది చూసి ఎవరూ జడుసుకోవడం లేదు, పిల్లలు తొండం కింద తల పెట్టి నీళ్ళకోసం ఎగబడుతున్నారు.